హుర్మత్ బీ కూర్చున్న చరిత్ర క్లాసు

మా తమ్ముడి బిడ్డకు చరిత్ర టీచరుగా ఉద్యోగం వచ్చింది. మిఠాయి డబ్బా పట్టుకొని వచ్చి, "అత్తా, గిన్నేండ్లు పిల్లలకు చెప్పినవ్ గద, నాకు గూడ రెండు ముక్కలు చెప్పరాదు?" అంది. రెండు ముక్కల్లో చెప్పడం వస్తే నేను లెక్కల టీచరునయ్యేదాన్ని. అందుకే కూర్చొని ఇది రాస్తున్నాను. దాంతోపాటు ఈ పనిలోకి కొత్తగా వచ్చే మిగతా పిల్లలు కూడా చదువుకోవచ్చు, మిఠాయి తేనక్కర్లేదు.

నాకు ఎప్పుడు ఏ గ్రేడు వచ్చింది, ఎవరు సంతకం పెట్టారు, ఎవరు ఆపారు అనే సంగతులు ఇందులో ఉండవు. అవి నాకే గుర్తులేవు. ఈ ఉద్యోగంలో నాకు నిజంగా ఏమైనా తెలిసిందంటే అది మొదటి కొన్నేళ్లలో, బోధన్ ఆడపిల్లల హైస్కూల్లో తెలిసింది. ఆ తర్వాత నిజామాబాద్‌లో ఎన్నేళ్లు చెప్పినా దాన్నే తిప్పి తిప్పి వాడుకున్నాను.

స్టాఫ్ రూములో మన స్థానం

ముందే చెప్తున్నాను, చరిత్ర టీచరును స్టాఫ్ రూములో ఎవరూ లెక్కచేయరు. లెక్కల టీచరు రాకపోతే పిల్లలు ఫెయిలవుతారని అందరికీ భయం. చరిత్ర టీచరు రాకపోతే పిల్లలు కాసేపు కునుకు తీస్తారని అందరికీ సంతోషం. దీనికి ఏడవకండి. ఎవరూ పట్టించుకోని చోట మనకు తోచినట్టు పాఠం చెప్పుకోవచ్చు. ఆ సుఖం లెక్కల టీచరుకు జన్మలో దొరకదు.

నేను పుట్టి పెరిగింది నిజామాబాద్‌లో. బాపు గంజ్‌లో పసుపు దుకాణంలో గుమాస్తా. ఏర్గట్ల వైపు నుంచి పసుపు బండ్లు దిగే రోజుల్లో ఆయన ఇంటికొస్తే గడప దగ్గరే దుమ్ము దులుపుకోవాల్సి వచ్చేది. యాభై ఆరులో రాష్ట్రాలు కలిశాక కొన్నేళ్లకు నాకు చక్కెర ఫ్యాక్టరీ ఉన్న బోధన్‌లో ఉద్యోగం దొరికింది. "చెరుకు ఊరు బిడ్డా, పండ్లు జాగ్రత్త" అని బాపు సాగనంపాడు.

మా హెడ్మిస్ట్రెస్ సుభద్రమ్మగారిది కృష్ణా తీరం. మంచి మనిషి, కానీ ప్రదర్శనల పిచ్చి. పిల్లలకు ఏమొచ్చు అనేదానికంటే గోడమీద ఏమి వేలాడుతోంది అనేదే ఆమెకు ముఖ్యం. నేను నోరు తెరిస్తే చాలు, దిద్దేది.

"గిట్ల అనకూడదు సుగుణా, ఇట్లా అనాలి."

"అట్లనే మేడం."

"అట్లనే కాదమ్మా, అలాగే."

ఇలా నన్ను బాగుచేయాలని ఆమె చాలా శ్రమపడింది. చివరికి నేను మారలేదు గానీ, ఒకసారి కోపంలో ఆమే చప్రాసీని "జల్ది రావయ్యా" అని పిలవడం నా చెవులారా విన్నాను.

మెసొపొటేమియా పాఠం నేను పుస్తకంలోంచి చెప్పి చూశాను. పిల్లలు ఆవలించారు. రెండు నదులు, కాలువలు, పంటలు, రాజులు అని నేను ఒకదాని తర్వాత ఒకటి అప్పజెప్తుంటే, వర్ని నుంచి వచ్చి హాస్టల్లో ఉండే గంగామణి చెయ్యెత్తింది.

"టీచర్, కాల్వలు తవ్వినంక రాజులెందుకు పుట్టిండ్రు?"

"నువ్వే చెప్పు. మీ ఊళ్లో నిజాంసాగర్ కాలువ ఉంది కదా, అక్కడ ఏమైతది?"

"తూము కాడ లొల్లయితది. పారలు లేస్తయి. గందుకని ఒక పెద్దమనిషిని పెట్టుకుంటరు. గాయిన కొన్నొద్దులకు తూమే నాదంటడు."

రాజ్యం ఎలా పుట్టిందో అంతకంటే సూటిగా చెప్పడం నాకు ఇప్పటికీ చేతకాదు. ఆ రోజు నుంచి నా పద్ధతి మారింది. ప్రపంచంలో ఏ నాగరికతనైనా ముందు బోధన్ రోడ్డు మీదికి తెచ్చేదాన్ని, తర్వాత దాని ఊరికి దాన్ని పంపేదాన్ని.

ఆ ఊపులోనే మట్టి పలకలు చేయించాను. చెరుకు పేడుతో పచ్చిమట్టి మీద ఎవరికి వాళ్లు సొంత లిపిలో ఏదో ఒకటి రాయమన్నాను. సుభద్రమ్మగారు మురిసిపోయి పలకలన్నీ వరండాలో వరసగా పెట్టించింది. ఒకదాన్ని చేతిలోకి తీసుకొని, "ఇందులో ఏముందమ్మా?" అని నన్నే అడిగింది. అందులో ఏముందో గంగామణి అంతకుముందే నా చెవిలో ఊదింది. పెద్ద టీచరు నడుస్తుంటే చెప్పులు కిర్రుకిర్రుమంటాయని, ఆ చప్పుడు రాగానే అందరూ చదువుతున్నట్టు నటించాలని ఆ పలక సారాంశం.

"గుడికి ఇచ్చిన బార్లీ గింజల వివరం మేడం" అన్నాను.

"ఎంత క్రమశిక్షణో చూడండి ఆ కాలంలో!" అని ఆమె దాన్ని తన టేబుల్ మీదే పెట్టుకుంది. నేను ఆ బడి వదిలేదాకా అది అక్కడే ఉంది, నేనూ నోరెత్తలేదు.

తల ఊడిపోతుందన్నా అడిగిన వాళ్లు

పాఠ్యపుస్తకంలో మతాల చరిత్ర అంటే గడ్డాలవాళ్ల చరిత్ర. ఆడవాళ్లు ఎక్కడో ఒక వాక్యంలో వచ్చి, నీళ్లిచ్చి, వెళ్లిపోతారు. నా ముందున్నదేమో క్లాసు నిండా ఆడపిల్లలు. వాళ్ల మొహాలు చూస్తూ ఆ పుస్తకం చదవడానికి నాకే సిగ్గేసింది. అందుకని వారానికి ఒక పీరియడు సొంత పెత్తనం మొదలుపెట్టాను.

నిండు సభలో ఋషిని ప్రశ్న మీద ప్రశ్న అడిగిన గార్గి గురించి చెప్పాను. ఇంకా అడిగితే తల ఊడి కిందపడుతుందని ఆయన బెదిరించాడని చెప్పగానే క్లాసంతా ఒకటే నవ్వు. "మా బాపు గూడ గట్లనే అంటడు టీచర్" అన్నదొక పిల్ల. బుద్ధుణ్ణి పెంచిన గౌతమి గురించి చెప్పాను. ఆడవాళ్లకూ సన్యాసం ఇమ్మని మూడుసార్లు అడిగింది, మూడుసార్లూ కాదన్నాడు. ఆమె జుట్టు తీసేసుకొని, తోటి ఆడవాళ్లను వెంటబెట్టుకొని, కాళ్లు వాచేదాకా నడిచి మళ్లీ వెళ్లి వాకిట్లో నిలబడింది. ఈసారి ఒప్పుకోక తప్పలేదు. సొంతంగా వ్యాపారం నడిపించిన హజ్రత్ ఖదీజా గురించి చెప్పాను. ఆ రోజు ముస్లిం పిల్లలు వెనక బెంచీ నుంచి ముందు బెంచీకి వచ్చి కూర్చున్నారు.

అన్నిటికంటే ఎక్కువ పేలింది మాత్రం బ్రాహ్మి కథ. జైనుల కథల్లో మొదటి తీర్థంకరుడు ఋషభుడు. ఆయన అక్షరాలు నేర్పింది కొడుకులకు కాదు, బిడ్డ బ్రాహ్మికి. అంకెలు నేర్పింది రెండో బిడ్డ సుందరికి. కొడుకు బాహుబలికి పోదనపురం ఇచ్చాడు. ఆ పోదనపురం మన బోధనే అని పెద్దలంటారు.

"అంటే బ్రాహ్మి వాళ్లన్న మనూరోడా టీచర్?" అన్నది గంగామణి. ఇక క్లాసు ఆగలేదు. తర్వాత బాహుబలి అడవిలో నిలబడి తపస్సు చేయడం, ఒంటినిండా తీగలు అల్లుకున్నా జ్ఞానం రాకపోవడం, అక్కచెల్లెళ్లిద్దరూ వెళ్లి "అన్నా, ఏనుగు దిగు" అనడం, తానింకా గర్వమనే ఏనుగు మీదే ఉన్నానని ఆయనకు తెలిసిరావడం, అన్నీ చెప్పాల్సి వచ్చింది.

"గా ఒక్క మాట చెప్పనీకి అడవి దాకా పోవాల్నా టీచర్? ఇంట్ల ఉన్నప్పుడే చెప్తే ఇనడా?" అని అడిగింది సాబేరా అనే పిల్ల.

"ఇనడు" అన్నది గంగామణి. దానికి నలుగురన్నలు.

ఇక్కడ కొత్త టీచర్లకు ఒక మాట. పిల్లల కళ్లు మెరుస్తున్నాయని కథను చరిత్ర అని అమ్మేయకండి. బ్రాహ్మి బోధన్‌లో తిరిగిందనడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు, ఆ మాట పిల్లలకు అప్పుడే చెప్పాను. కానీ వేల ఏళ్ల కింద ఎవరో, మొదటి అక్షరం ఆడపిల్లకే దక్కిందని కథ అల్లుకున్నారు. అది మాత్రం నిజం. కథను కథగా, రాయిని రాయిగా చెప్పినా పిల్లలు సంతోషిస్తారు. వాళ్లు మనం అనుకున్నంత అమాయకులేం కాదు.

బండ కింది ఆమె

సాబేరా గురించి చెప్పాలి. పాత ఊళ్లో ఇల్లు. తండ్రి గిన్నెలకు కళాయి పూస్తూ ఊళ్లు తిరిగేవాడు. తల్లి చిన్నప్పుడే పోతే అమ్మమ్మ హుర్మత్ బీ పెంచింది, ఆమెనే నానీ అనేది. ఆలస్యంగా బడిలో వేశారు గనుక తోటి పిల్లలకంటే రెండేళ్లు పెద్దది. ఉర్దూ క్లాసులు చిన్న తరగతులతోనే అయిపోతే తెలుగులోకి వచ్చి, అందరినీ దాటిపోయింది. ఆ ఏడు మెట్రిక్ పరీక్ష రాయాలి. రాసుంటే వాళ్ల గల్లీలో మెట్రిక్ రాసిన మొదటి ఆడపిల్ల అదే అయ్యేది. తనకా సంగతి బాగా తెలుసు. అందుకే పరీక్ష మాటెత్తితే కళ్లు దించుకునేది.

బ్రాహ్మి పాఠం అయ్యాక ఆ పిల్ల నా దగ్గరికి వచ్చి గుసగుసగా చెప్పింది: "టీచర్, మా ఇంట్ల బట్టలుతికే బండ కింద ఒకామె ఉన్నది."

"ఎవరామె?"

"తెల్వదు. బండకు అడుగు దిక్కు చెక్కిన బొమ్మ. చేతుల ఏందో పట్టుకున్నది. నానీ ఎవలకు చూపియ్యది."

గుసగుసకు బడిలో ఆయుష్షు తక్కువ. మధ్యాహ్నానికి సుభద్రమ్మగారికి తెలిసిపోయింది. సాయంత్రానికి ఆమె, తనిఖీకి రాబోయే ఇన్‌స్పెక్ట్రెస్ గారికి, మా బడిలో ఒక పురాతన శిల్పాన్ని వారి చేతుల మీదుగా ఆవిష్కరిస్తామని కబురు పంపేసింది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

"వెళ్లి ఆ రాయి పట్టుకురామ్మా సుగుణా" అంది, వేరుశెనక్కాయల పొట్లం తెమ్మన్నంత తేలిగ్గా.

వెళ్లాను. హుర్మత్ బీ వాకిట్లో మంచం మీద కూర్చొని తమలపాకులు తుడుస్తోంది. ఎండిన మనిషి, గొంతు మాత్రం ఫ్యాక్టరీ భోంగా, షిఫ్టు కూత లెక్క. సలాం చెప్పి కూర్చున్నాను. బండ వాకిట్లోనే ఉంది, నున్నగా అరిగిపోయి. నా చూపు అటు పోవడం ఆమె చూసింది.

"బండ కోసం వచ్చినవా? మా ఇంటికి ఎవలొచ్చినా బండ కోసమే వస్తరు. పిల్ల ఎట్ల చదువుతున్నదని ఒక్కరన్న అడుగరు."

నా మొహం మాడిపోయింది. "చాలా బాగా చదువుతది నానీ" అన్నాను.

"చదివింది సాలు. వచ్చే నెల నుంచి పంప."

ఎందుకంటే చెరుకు సీజన్ మొదలవుతోంది. సీజన్ మొదలైతే రోడ్డు పొడవునా ఫ్యాక్టరీకి పోయే చెరుకు బండ్లు. పాత ఊరి ముస్లిం పిల్లలు పర్దా కట్టిన టాంగాలో బడికి వచ్చేవాళ్లు. ఆ టాంగా బండ్ల మధ్య ఇరుక్కుంటే గంటలకొద్దీ అక్కడే. ఈడొచ్చిన పిల్ల పెద్దవాళ్ల తోడు లేకుండా బండ్లోళ్ల మధ్య నిలిచి ఉండడం హుర్మత్ బీకి సమ్మతం కాదు. కిందటి ఏడు సీజన్‌లో కూడా సాబేరా చాలా రోజులు రాలేదు. ఈ ఏడు ఆగిపోతే పరీక్ష లేనట్టే.

బండ సంగతి మరిచిపోయాను. నా దగ్గరున్న అస్త్రాలన్నీ తీశాను. "హజ్రత్ ఖదీజా చూడండి నానీ, ఎంత పెద్ద వ్యాపారం..."

"ఆమె వ్యాపారం చేసింది. ఇమ్తిహాన్ రాయలే."

గౌతమి గురించి చెప్పాను. మూడుసార్లు కాదన్నా మళ్లీ వచ్చి అడిగిందని చెప్పాను. హుర్మత్ బీ ఆకుకు సున్నం రాస్తూ శ్రద్ధగా విన్నది.

"మంచిగ అడిగింది. మరి నువ్వేంది, ఒక్కసారికే మొఖం గంటు పెట్టుకుంటున్నవ్?"

సరే అని లేచి వచ్చేశాను. రెండు రోజులకు మళ్లీ వెళ్లాను. కాదంది. మళ్లీ వెళ్లాను. ఈసారి నన్ను చూడగానే నవ్వింది, పండ్లన్నీ ఎర్రగా.

"పంతులమ్మా, ఒక్కటి చెప్పు. నీకు బండ కావాల్నా, పిల్ల కావాల్నా? రెండు అడుగకు. ఒక్కటే."

"పిల్ల" అన్నాను. ఆలోచించడానికి ఏముంది?

"బండ మాట ఇంక ఎత్తొద్దు మరి."

"ఎత్తను."

"మీ పెద్ద పంతులమ్మ?"

"ఆమె సంగతి నేను చూసుకుంట."

మాట ఇచ్చేశాక ధైర్యం వచ్చింది. నాలో ఎప్పటినుంచో మెదులుతున్న ప్రశ్న అడిగేశాను. "ఆమెను అట్ల బోర్లా ఎందుకు పడేసిండ్రు నానీ?" నా గొంతులో కొంచెం నిష్ఠూరం ఉండి ఉంటుంది. పరాయి మతం బొమ్మ గనుక తిప్పేశారని నేను లోలోపల తీర్పు చెప్పేసుకున్నాను.

హుర్మత్ బీ నన్ను వింతగా చూసింది. "పడేసుడేంది? మా నానమ్మ ఏసింది. మగోళ్లు వచ్చిపోయే వాకిలి. మొఖం మీద ఎవలన్న కాలు పెడితే? ఎవల బిడ్డనో ఏమో, ఆమెకు మాత్రం పర్దా వద్దా?"

పుస్తకాలు చదివి తీర్పులు జేబులో పెట్టుకొని తిరిగే వాళ్లందరికీ చెప్తున్నాను, అడగకముందే జవాబు తెలుసుననుకోకండి. అడిగితే పోయేదేముంది?

నా మొహం చూసి ఆమెకు జాలి కలిగినట్టుంది. "రా, సూడు. కండ్లతోని గాదు, చేత్తోని" అని బండ పక్కన నీళ్లు పోయే సందు చూపించింది. గాజులు వెనక్కి తోసుకొని, మోచేతిదాకా చెయ్యి లోపలికి పెట్టి తడిమాను. చల్లటి రాయి. ఒక భుజం, ఒక చెయ్యి, ఆ చేతిలో పొడుగ్గా ఏదో. తాళపత్రమా? గంటమా? బ్రాహ్మేనా?

"ఏందది?" అన్నది హుర్మత్ బీ.

తాళపత్రం అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అది చీపురు కావచ్చు, విసనకర్ర కావచ్చు, అట్లకాడ కూడా కావచ్చు. "తెలుస్తలేదు నానీ" అన్నాను.

"నాకు గూడ తెల్వలే" అని తృప్తిగా తల ఊపింది.

చివరికి ఒప్పందం కుదిరింది. టాంగాలో పిల్ల పక్కన పెద్దవాళ్లు ఉండాలి, అంతే కదా? "మీరూ రండి" అన్నాను. "నేనేం జేయాలె బడిల?" అంది. "కూర్చోండి" అన్నాను. ఆమె సరేనంది. అయితే గడప దాటుతుంటే వెనక నుంచి కేకేసింది: "బడికి వస్తది. ఇమ్తిహాన్ కోసం మాత్రం నిజామాబాద్‌కు పంప. రాత్రి బయట పండుకునుడు మా ఇంట్ల లేదు."

మెట్రిక్ పరీక్ష కేంద్రం అప్పట్లో మా పిల్లలకు నిజామాబాద్‌లో. అక్కడే ఎవరింట్లోనో ఉండి రాయాలి. బోధన్‌లో కేంద్రం ఇమ్మని సుభద్రమ్మగారు, నేను ఎన్నిసార్లు రాసినా పైనుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. పిల్లను బడిదాకా లాగాను గానీ, పరీక్ష గది మాత్రం పదిహేను మైళ్ల దూరంలోనే ఉండిపోయింది.

చివరి బెంచీ పక్కన కుర్చీ

హుర్మత్ బీకి నా క్లాసులో గోడవారగా కుర్చీ వేయించాను. మొదటి వారం కునికింది. రెండో వారం నుంచి నా బతుకు బండలైంది.

సింధు నాగరికతలో మురుగు కాలువలు ఎంత చక్కగా కట్టారో గొప్పగా చెప్తున్నాను. వెనక నుంచి గొంతు వచ్చింది.

"మోరీలు గంత మంచిగ కట్టినోళ్లు మరి ఎందుకు పోయిండ్రు?"

కొందరు వరదలంటారు, కొందరు నది దారి మారిందంటారు, ఇంకా కొందరు అని నేను తిప్పడం మొదలుపెట్టాను.

"నీకు తెల్వదా?"

"తెలియదు నానీ."

"తెల్వకుంటే తెల్వదను. గంతసేపు తిప్పుడెందుకు?"

పిల్లలు బల్లల కింద దూరి నవ్వారు. ఆ రోజు తర్వాత నేను క్లాసులో "తెలియదు" అనే మాట ధారాళంగా వాడాను. అది వాడడం చేతకాక చెడిపోయిన టీచర్లను చాలామందిని చూశాను. ఉద్యోగం పోతుందేమో అన్నంత భయపడతారు. ఏమీ పోదు, పిల్లలు మనల్ని ఇంకాస్త నమ్ముతారు.

బండ రాదని సుభద్రమ్మగారికి చెప్పడం ఇంకో ఘట్టం. "అది బట్టలుతికే బండే మేడం" అన్నాను. అందులో అబద్ధం లేదు. ఆమె తల పట్టుకుంది. "శిల్పం ఆవిష్కరణ అని చెప్పేశానమ్మా! ఆవిడ నన్ను పీక్కుతింటుంది." మళ్లీ కబురు పంపి వద్దనడానికి ఆమెకు అభిమానం అడ్డొచ్చింది. తనిఖీ రోజు తన్నుకొచ్చేసింది.

ఇన్‌స్పెక్ట్రెస్ గారు పొట్టిగా, దళసరి కళ్లద్దాలతో, చాలా హుషారైన మనిషి. వెంట ఇద్దరు మగ ఉద్యోగులు. మగవాళ్ల అడుగుల చప్పుడు వరండాలో వినపడగానే మా హుర్మత్ బీ నల్ల బుర్ఖా నిలువెల్లా కప్పుకొని, కుర్చీని గోడకు ఆనించి, కదలకుండా కూర్చుంది. సాబేరా తన బెంచీలో బిక్కుబిక్కుమంటూ ఉంది. సుభద్రమ్మగారు తలుపు దగ్గర నిలబడి, నోరు తెరవడానికి ధైర్యం కూడగట్టుకుంటోంది.

ఇన్‌స్పెక్ట్రెస్ గారు క్లాసంతా చూశారు. గోడవార, నిలువెల్లా నల్లగుడ్డ కప్పిన ఆకారం ఆమె కళ్లలో పడింది. మొహం వికసించింది.

"ఓహో, ఇదేనా మీరు చెప్పింది! చక్కగా ముసుగేసి సిద్ధంగా ఉంచారే. ఆవిష్కరణ నేనే చేస్తాను" అని గబగబా నడిచి వెళ్లి గుడ్డ అంచు పట్టుకున్నారు.

సుభద్రమ్మగారు తలుపు రెక్కను గట్టిగా పట్టుకుంది.

శిల్పం మాట్లాడింది. "ఏందమ్మా, నేనేమన్న సచ్చిన్నా, మొఖం సూసి పోనీకి వచ్చినవ్?"

ఇన్‌స్పెక్ట్రెస్ గారు వెనక్కి ఎగిరి గంగామణి బల్ల మీద కూలబడ్డారు. మగ ఉద్యోగులిద్దరూ వరండాలోకి పరుగు తీశారు. క్లాసు క్లాసంతా ఊపిరి బిగబట్టి నవ్వాపుకుంటోంది. నేను నల్లబల్ల వైపు తిరిగి, లేని అక్షరాలు తుడిచాను.

అప్పుడు సుభద్రమ్మగారు చేసిన పని జన్మలో మరిచిపోను. ఒక్క అడుగు ముందుకేసి, గొంతు సవరించుకొని, "వీరు మా స్థానిక చరిత్ర సలహాదారు అండీ. రోజూ క్లాసుకు వస్తారు" అంది. ప్రదర్శనల పిచ్చి ఉన్నవాళ్లను తక్కువగా చూడొద్దని ఆ రోజే తెలిసింది. అవసరం పడితే వాళ్ల బుర్ర మనకంటే చురుగ్గా పనిచేస్తుంది.

ఇన్‌స్పెక్ట్రెస్ గారు చెమట తుడుచుకొని, హుర్మత్ బీ ముందు చేతులు జోడించారు. "క్షమించండమ్మా, పొరపాటైంది. మీకు నేనేమైనా చేయగలనా?" మర్యాదకు అన్న మాట అది. మర్యాదకు అన్న మాటను హుర్మత్ బీ వదిలిపెట్టే రకం కాదు.

"చేస్తవా? ఖరే?"

"చెప్పండి."

"గా పిల్ల నా బిడ్డ బిడ్డ. నిజామాబాద్‌కు పంపనంటే ఇమ్తిహాన్ లేదంటున్నరు. గీ బడిలనే కూసుండబెట్టి రాయిపియ్యి. నా మీద చెయ్యేసిన దానికి గిదే మాఫీ."

"ఎవరా పిల్ల?" అని అడిగితే సాబేరా లేచి నిలబడింది. ఇన్‌స్పెక్ట్రెస్ గారు ఊరికే ఒప్పుకోలేదు. "చరిత్రలో ప్రశ్న వేస్తాను. మొదట అక్షరాలు నేర్చింది ఎవరు?"

"కథల బ్రాహ్మి అని ఉన్నది మేడం" అంది సాబేరా. "ఆధారం మాత్రం లేదు. నిజంగ ఎవరో మనకు తెల్వదు."

ఆ చివరి మాట చెప్పేటప్పుడు ఆ పిల్ల కళ్లు దించుకోలేదు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు కూడా. ఇన్‌స్పెక్ట్రెస్ గారు సుభద్రమ్మగారి గదిలోకి వెళ్లి అక్కడికక్కడే పైవాళ్లకు రాశారు. మేము మర్యాదగా ఎన్నోసార్లు అడిగినా కదలనిది, ఒక ముసలమ్మ గదమాయిస్తే కదిలింది. ఆ ఏడు బోధన్‌లోనే ఆడపిల్లలకు పరీక్ష కేంద్రం వచ్చింది.

జూన్ నెల

సాబేరా పరీక్ష రాసింది. హుర్మత్ బీ ఆ రోజులన్నీ బడి గేటు బయట టాంగాలోనే కూర్చుంది, చప్రాసీని నిమిషానికోసారి "అయిపాయెనా?" అని సతాయిస్తూ. ఫలితాలొచ్చిన రోజు నేను ఉరుకులు పరుగుల మీద వాళ్లింటికి వెళ్లి, పాసైందని చెప్పాను. సాబేరా నన్ను పట్టుకొని వెక్కి వెక్కి ఏడ్చింది. హుర్మత్ బీ మాత్రం, "రాసింది గద, పాస్ గాకేంజేస్తది" అని ఆకు మడుచుకుంది. ఆ ఆకుకు సున్నం రాయడం మాత్రం మరిచిపోయింది.

మా బడిలో ఉర్దూ చిన్న క్లాసులకు టీచరు లేదు. సుభద్రమ్మగారు ఊరుకోకుండా పైవాళ్ల వెంటపడి, జూన్‌లో బడి తెరిచేసరికి సాబేరాకు ఆ పని ఇప్పించింది. మొదటి రోజు గేటు ముందు టాంగా ఆగింది. ముందు సాబేరా దిగింది, కొత్త టీచరు. వెనక గల్లీలోని ఇద్దరు చిన్నపిల్లలు దిగారు, ఒకటో తరగతిలో చేరడానికి. ఆ వెనక నెమ్మదిగా హుర్మత్ బీ దిగింది.

"సాబేరా ఇప్పుడు టీచరు గద నానీ, ఇంక నువ్వెందుకు తక్లీఫ్ పడుడు?" అన్నాను.

"గీ పోరగాండ్లను ఎవలు తోల్కరావాలె?" అంది. పిల్లలిద్దరినీ సాబేరా చేతికి అప్పగించింది. ఇక ఇంటికి పోతుందనుకున్నాను. పోలేదు. వరండా దాటి, తిన్నగా నా క్లాసులోకి నడిచింది. కుర్చీని ఎవరో పక్కకు నెట్టి ఉంటే విసుక్కుంటూ గోడవారకు లాక్కుని కూర్చుంది.

ముందంతా కొత్త పిల్లలు. వాళ్లకు సింధు నాగరికతతో మొదలుపెడదామని సుద్దముక్క తీశాను.

"గది అయిపోయింది" అన్నది హుర్మత్ బీ.

"వీళ్లకు కాలేదు నానీ."

"వీళ్లకు తర్వాత చెప్పుకో. పరీక్షలని చెప్పి నువ్వు మిస్రు దేశం కాడ ఆపినవ్. గడ్డం కట్టుకొని తఖ్తు మీద కూసున్న రాణి ఉన్నదని చెప్పినవ్. ఎండకాలమంత నేను గదే సోచాయిస్తున్న. గామె ఏమైంది?"

మనవరాలి కోసం వచ్చానని ఒక సీజన్ అంతా నన్ను నమ్మించిన మనిషి, మెడ చాచి నా జవాబు కోసం చూస్తోంది. ఆ ఏడు మా బడిలో చరిత్ర ఈజిప్టు నుంచి మొదలైంది.